ఎం.ఏ. అర్థశాస్త్రంలో ప్రవేశం: మన అవకాశాల అంచనా

డిగ్రీ చివరి సంవత్సరంలో అడుగిడిన అర్థశాస్త్ర విద్యార్థులమైన మనలను ఒక ప్రశ్న వెన్నాడుతూ ఉంటుంది: ఎం.ఏ.లో సీటు లభిస్తుందా? అంతా అదృష్టమని కొందరంటారు. అది అందని మ్రాని పండని మరికొందరు దరఖాస్తు కూడా పంపరు. ఈ రెండూ పొరపాట్లేనని మా అభిప్రాయం. మనలో అనేకుల ఇండ్లలో ఒక సంవత్సరం వృథా కావడమంటే తమ్ముని చదువో, చెల్లెలి చదువో వెనుకబడడమే. కనుక గిరాకీని, ధరను అంచనా వేయ నేర్చిన మనం మన అవకాశాన్ని కూడా శాస్త్రబుద్ధితో తూచుకోవలసి ఉన్నది.

సీట్ల సంఖ్యను దరఖాస్తుల సంఖ్యతో భాగించి నిరాశ చెందడం తగదు. వేయిమందికి 50 సీట్లుంటే ప్రతివారికీ ఇరవైలో ఒక వంతు అవకాశమనడం లాటరీకి చెల్లుతుంది గాని పరీక్షకు చెల్లదు. అట్లే సీటు సాధించిన సీనియర్ల మాటలు మాత్రమే వినడం కూడా తగదు. అంతే శ్రమించి విఫలులైనవారు మన ఎదుటికి వచ్చి చెప్పరు కదా!

మరి నిజమైన కొలమానమేది? డిగ్రీ మార్కులు అర్హతను సూచిస్తాయి. బలాన్ని తెలిపేవి పాత ప్రశ్నపత్రాలే. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వంటి చోట్ల ప్రవేశానికి 2022లో ఆరంభమైన కేంద్ర ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఆధారం. అందులో సరియైన జవాబుకు 4 మార్కులు. తప్పుకు 1 మార్కు కోత. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా గుర్తు పెడితే సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పులు. అనగా మిగిలేది 1 మార్కు. తెలిసినవారికి అవే నాలుగు ప్రశ్నలు 16 మార్కులిస్తాయి. కనుక గడియారం ముందుంచుకొని మూడు పాత పత్రాలు వ్రాసి, తెలిసి వ్రాసినవి, సందేహంతో వ్రాసినవి, ఊహించినవి వేర్వేరుగా లెక్కించాలి. మొదటి వర్గమే మన నిజమైన మూలధనం. ఆ మార్కులను గత సంవత్సరం మన కేటగిరీలో చివరి సీటు పొందినవారి మార్కులతో పోల్చి చూడాలి.

1931లో కలకత్తాలో స్థాపితమైన భారత గణాంక సంస్థ తన ప్రవేశ పరీక్షలో గణితానికి ప్రత్యేక పత్రాన్నే కేటాయించింది. కలన గణితం, మాత్రికలు, సంభావ్యత రానివారు అచట నిలువలేరు. అయితే ఈ లోటు కొన్ని నెలల సాధనతో తీరేదే.

దరఖాస్తులను మూడు మెట్లుగా పంచుకోవడం వివేకం: ఆశపడదగినది ఒకటి, మన స్థాయికి సరిపోయేవి రెండు, తప్పక లభించేది ఒకటి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షను చిన్నచూపు చూడరాదు. ఉర్దూ మాధ్యమ విద్యార్థులకు 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉండనే ఉన్నది.

మరొక్క మాట. రాష్ట్ర బి.సి. ధ్రువపత్రం కేంద్ర సంస్థలలో చెల్లదు. మన కులం కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉన్నదో లేదో చూసుకొని, కేంద్ర నమూనాలో ధ్రువపత్రాన్ని ముందుగానే పొందాలి. కష్టపడి తెచ్చుకొన్న ర్యాంకు ఒక్క కాగితం కొరతతో చేజారరాదు.

అంచనా అనేది తీర్పు కాదు. నేడు మనం ఎచట నిలిచామో తెలిపే మైలురాయి మాత్రమే. రాయిని చూసి వెనుదిరుగక, మిగిలిన దూరాన్ని లెక్కించి నడక సాగింతుము గాక!