ప్లాస్మా కోతపని: ఆలస్యముగా తెలియు అపాయములు

లారీ బాడీలు కట్టు షెడ్లలోను, గేట్లు, గ్రిల్లులు చేయు చిన్న దుకాణములలోను, నౌకా నిర్మాణశాలలలోను నేడు లోహపు రేకులను కోయుటకు ప్లాస్మా కటింగ్ యంత్రము వాడుకలో నున్నది. అమెరికాలో రాబర్టు గేజి 1957లో పేటెంటు పొందిన ఈ పద్ధతి, గ్యాసు కటింగునకు లొంగని అల్యూమినియము, స్టెయిన్‌లెస్ స్టీలు మొదలగువానిని సైతము సులభముగా కోయును. టార్చిలోని సన్నని రంధ్రముగుండ వేగముగా వెలువడు గాలిలో విద్యుత్తు ప్రవహించినపుడు, ఆ గాలి సుమారు 20,000 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల ప్లాస్మాగా మారును. ఆ వేడికి లోహము కరగును; గాలి వేగమునకు కరగిన లోహము ఎగిరిపోవును.

నిప్పు తగిలిన వెంటనే ఎవరైనను చేయి వెనుకకు తీసికొందురు. అచట బాధయే హెచ్చరిక. కాని ఈ యంత్రమువలన కలుగు అపాయములలో పెక్కు, పని జరుగుచున్నంత సేపు బాధ కలిగింపవు. కొన్ని రాత్రికి, కొన్ని మరునాటికి, కొన్ని ఏండ్ల పిమ్మట బయటపడును. కావున “ఇన్నాళ్లుగా చేయుచున్నాను, నాకేమియు కాలేదు” అనుట క్షేమమునకు ప్రమాణము కాజాలదు.

కన్నులు

ప్లాస్మా ఆర్కునుండి కంటికి కనుపింపని అతినీలలోహిత కిరణములు వెలువడును. రక్షణ లేని కన్నులకు అవి కొంచెముసేపు సోకినను నల్లగ్రుడ్డుపైనుండు పారదర్శకమైన పొర దెబ్బతినును. అప్పుడేమియు తెలియదు. పనివాడు ఇల్లు చేరి పరుండిన పిమ్మట, సాధారణముగా 6 మొదలు 12 గంటలలో, కన్నులలో ఇసుక పోసినట్లు గరగరలాడును, నీరు కారును, దీపపు వెలుతురును చూడజాలడు. ఇట్టి స్థితిలో చనుబాలు గాని, ఆకుపసరులు గాని కంటిలో వేయరాదు. వానివలన సూక్ష్మక్రిములు చేరి చూపునకే ముప్పు రావచ్చును. కన్నులు నలుపుకొనక, మూసిన రెప్పలపై చల్లని తడిగుడ్డ నుంచి, వైద్యునికి చూపవలెను. నొప్పి తెలియకుండచేయు చుక్కల మందును స్వయముగా కొని మరల మరల వేసికొన్నచో గాయము మానుట ఆలస్యమగును.

చలువ కళ్లద్దములు ఇందులకు చాలవు. విద్యుత్తు 40 ఆంపియర్ల లోపున్నపుడు 5వ నెంబరు షేడు, 60 వరకు 6వ నెంబరు, 80 వరకు 8వ నెంబరు, అంతకు మించి 300 వరకు 9వ నెంబరు అద్దము తగినది. రేకు పట్టుకొను సహాయకునికిని, టీ తెచ్చు కుర్రవానికిని ఆ కిరణములు సోకును గనుక పనిచోటు చుట్టును తెర కట్టవలెను.

పొగ

గాల్వనైజ్డు రేకు కోయునపుడు లేచు జింకు పొగ పీల్చినవానికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరము, ఒళ్లునొప్పులు వచ్చి, ఒకటి రెండు దినములలో తగ్గును. దీనిని మలేరియా యని పొరబడుట కలదు. సెలవు తరువాతి మొదటి పనిదినమున ఇది ఎక్కువగా కనుపించును.

అంతకంటె అపాయకరమైనవి నైట్రోజను ఆక్సైడులు. గాలి లేని ట్యాంకులోనో, మూసిన గదిలోనో కోత సాగించినవానికి మొదట స్వల్పమైన దగ్గు మాత్రమే రావచ్చును. పిమ్మట కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు మరునాటికి, ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణాపాయము కలుగవచ్చును. క్లోరిను గల ద్రావకములతో తుడిచిన లోహమును ఆరనీయక కోసినచో ఫాస్జీను అను విషవాయువు పుట్టును.

స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో ఆరు వేలన్సీగల క్రోమియము సమ్మేళనము లుండును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ వీనిని 1990లోను, వెల్డింగు పొగను 2017లోను మానవులకు క్యాన్సరు కలిగించువానిగా నిర్ణయించినది. బెల్లము తిన్నచో పొగ విరుగు నను నమ్మకమునకు ఆధారము లేదు. ముఖమునకు కట్టు చేతిరుమాలు సూక్ష్మమైన లోహపు పొగను గాని, వాయువులను గాని ఆపదు. పొగ పుట్టిన చోటనే దానిని పీల్చి బయటకు పంపు ఏర్పాటే సరియైన ఉపాయము. టార్చి యొక్క చప్పుడుకూడ ఏండ్ల తరబడి చెవులను క్రమముగా మందగింపజేయును; చెవి ప్లగ్గులు ధరింపవలెను.

తక్షణ ప్రమాదములు

సాధారణ వెల్డింగు యంత్రములో వోల్టేజి 100 లోపున నుండగా, ఇందులో 200 దాటును. మెయిను స్విచ్చి ఆపక టార్చి భాగములను మార్చరాదు. తడినేలపై పని చేయరాదు. నూనె, పెట్రోలు నిలువ యుంచిన డ్రమ్ములను కోయరాదు. ఖాళీగా కనుపించినను లోపలి ఆవిరి ప్రేలును. నీటితొట్టిపై అల్యూమినియము కోయునపుడు హైడ్రోజను చేరి ప్రేలుటకు వీలున్నది.

ఎవరి బాధ్యత?

కన్నుల రక్షణకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున 35వ సెక్షను ఏర్పరుపబడెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడు, భద్రతా సాధనముల నిమిత్తము పనివానివద్ద రుసుము తీసికొనరాదని చెప్పుచున్నది. సాధనములు సమకూర్చుట యజమాని విధి; వానిని ధరించుట పనివాని విధి.

ఇంటివారికిని ఒక విధి కలదు. కోతపనికి పోయివచ్చినవానికి రాత్రి ఆయాసము గాని, ఛాతీలో బిగువు గాని కలిగినచో తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి చేర్చవలెను. ఆతడు ఆ దినమున ఏ లోహమును, ఎట్టి చోట, ఎన్ని గంటలు కోసినదియు వైద్యునికి చెప్పవలెను. ఆ ఒక్కమాట చికిత్సకు దారి చూపును.