ఆట పెట్టెలో పుస్తకం మాయం!

పురుగుమందు డబ్బాతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి వస్తుంది. చదవకుండా పారేసేవారే ఎక్కువ. అమెరికాలో ఒక వీడియో గేమ్‌తో వచ్చిన కాగితాన్ని అలాగే పారేసినవారు ఆట మధ్యలో చిక్కుకుపోయారు.

జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1990లో 'స్టార్‌ట్రాపిక్స్' అనే ఆటను అక్కడ విడుదల చేసింది. టీవీకి తగిలించి ఆడే ఆట అది. కనిపించకుండా పోయిన ఒక పురావస్తు శాస్త్రవేత్తను కుర్రవాడు వెతుక్కుంటూ పోవడం కథ. ఆయన రాసినట్లుగా ఒక ఉత్తరాన్ని కూడా పెట్టెలో ఉంచారు. ఆట కొంత సాగాక ఆ ఉత్తరాన్ని నీళ్లలో ముంచమని సూచన వస్తుంది. ముంచితే 747 అనే అంకె పైకి తేలుతుంది. ఆ అంకె వేస్తేనే ముందుకు దారి. ఉత్తరం పోగొట్టుకున్నవారు తెలిసినవారిని అడగవలసిందే.

చోటు చాలకనే అచ్చు

ఆ రోజుల్లో పుస్తకం లేనిదే ఆట సగమే. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం సుమారు 40 కిలోబైట్లు. నేడు సెల్‌ఫోన్‌తో తీసే ఒక్క ఫొటోయే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అంత కొద్ది చోటులో కథ, ఏ మీట నొక్కితే ఏమవుతుందన్న వివరం పట్టవు. అందుకే వాటిని చిన్న పుస్తకంగా అచ్చువేసి ఇచ్చేవారు.

ఆటలు అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ దుకాణాలు ఆ పుస్తకాలకు జిరాక్సు తీసి ఇస్తుంటే, అది తమ హక్కులకు భంగమంటూ నింటెండో 1989లో కోర్టుకెక్కింది. ఆ తరువాత దుకాణాలు కాపీలు తీయడం మానుకున్నాయి.

తెరమీదికి వచ్చిన పాఠం

డిస్కులు వచ్చాక చోటుకు కొదవ లేకపోయింది. ఆడుతుండగానే నేర్పే పద్ధతి పెరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ కాగితపు పుస్తకాలకు స్వస్తి చెబుతున్నట్లు 2010లో ప్రకటించింది. చెట్లు మిగులుతాయన్నది ఆ కంపెనీ మాట. అచ్చు ఖర్చూ మిగిలింది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ఆటల పెట్టెల్లో చాలావాటిలో పుస్తకం ఊసే లేదు.

పాత ఆట కొన్నవారికి మాత్రం చిక్కే. అందుకే అభిమానులు పాత పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరుస్తున్నారు. అయితే స్కాన్ చేసిన ఉత్తరాన్ని నీళ్లలో ముంచేదెలా? 2008లో 'స్టార్‌ట్రాపిక్స్'ను మళ్లీ విడుదల చేసినప్పుడు, ఉత్తరం నీళ్లలో మునిగే బొమ్మను నింటెండో తెరమీదే చూపవలసి వచ్చింది.