మల్బరీ పుల్లల బొగ్గు బ్యాటరీకి పనికొస్తుందా?

మేత అయ్యాక మిగిలిన పుల్లల్ని బొగ్గు చేసి ఇస్తే బ్యాటరీ కంపెనీలు కొంటాయట, నిజమేనా అని మన లక్ష్మీపూర్ వైపు రైతులు అడుగుతున్నారు. పుల్ల నుంచి అలాంటి కార్బన్ తీయొచ్చు, అది నిజమే. కానీ మనం డ్రమ్ములో కాల్చిన బొగ్గు నేరుగా అందుకు పనికిరాదు.

గాలి అందకుండా కాలిస్తే పుల్ల బూడిద కాకుండా బొగ్గవుతుంది. నాలుగు కిలోల ఎండు పుల్లకి సుమారు కిలో వస్తుంది. ఆ బొగ్గుని నీటి ఆవిరితో గానీ, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటు క్షారంతో గానీ మళ్లీ 700–900 డిగ్రీల వేడిలో పెడితే లోపల కంటికి కనపడని రంధ్రాలు లెక్కలేనన్ని పడతాయి. దీన్నే యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే 2,000 చదరపు మీటర్ల దాకా వస్తుంది. అంటే దాదాపు 50 సెంట్ల నేల! సూపర్ కెపాసిటర్ అనే పరికరం కరెంటుని ఈ గోడల మీదే దాస్తుంది. బ్యాటరీ కంటే తక్కువ పడుతుంది గానీ క్షణాల్లో నిండుతుంది. ఈ క్షారం పని ఇంట్లో చేసేది కాదు, చెయ్యి పడితే చర్మం ఊడుతుంది.

హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు మిల్లుల్లో మిగిలిన వ్యర్థ పత్తితో ఇలాంటి కార్బన్ తయారుచేసి, సముద్రపు నీళ్లు వాడి సూపర్ కెపాసిటర్ చేసి చూపించారు. చైనాలో 2015లో పట్టుతోనే చేశారు, పట్టులో ఉండే నత్రజని అందుకు కలిసొస్తుంది. గూళ్లు అమ్ముకునే మనకి అది గిట్టే బేరం కాదనుకోండి. మార్కెట్లో ఎక్కువగా నడిచేది కొబ్బరి చిప్ప బొగ్గు. చిప్ప గట్టిది, బూడిద తక్కువ.

మన చిక్కంతా ఆ బూడిద దగ్గరే ఉంది. పడక మీద సున్నం చల్లుతాం, బ్లీచింగ్ పొడి వాడతాం. ఆ పుల్లని కాలిస్తే సున్నం బొగ్గులోనే ఉండిపోతుంది. మట్టి అంటినా అంతే. కాబట్టి ఎవరైనా బొగ్గు అడిగితే తోటలో కత్తిరించిన శుభ్రమైన పుల్లని వేరుగా ఎండబెట్టండి, పడక పుల్లతో కలపొద్దు. బూడిద శాతం ఎంత ఉండాలి, తేమ ఎంత, కిలో ధర ఎంత అన్నది కొనేవాళ్లచేత కాగితం మీద రాయించుకోండి. అది లేకుండా బట్టీకి డబ్బు పెట్టొద్దని మా మాట.

ఇంకో లెక్క కూడా ఉంది. ఈ పుల్లలే చాలా ఇళ్లలో పొయ్యి కట్టెలు. అవి బట్టీకి పోతే ఆడవాళ్లు మళ్లీ కొండెక్కి కట్టెలు మోయాలి. పొయ్యికి పోగా మిగిలినది బొగ్గు చేస్తే, కొనేవాళ్లు లేకపోయినా పొడి కొట్టి పశువుల ఎరువులో కలిపి కొన్నాళ్లు మాగనిచ్చి తోటకి వేయండి. మన ఎర్రనేలల్లో పులుపు ఎక్కువ, బొగ్గు దాన్ని కొంత తగ్గిస్తుంది, తేమనీ పట్టి ఉంచుతుంది. అక్కడైతే పుల్లకి అంటిన సున్నం కూడా మేలే చేస్తుంది. జబ్బు పురుగులున్న పడక చెత్తని మాత్రం తోట దరిదాపులకి రానివ్వొద్దు.