గేదె చూడి తేదీ తెలుసు, ఇల్లాలి కాన్పు తేదీ తెలుసునా?



పాడి ఋణాల తనిఖీకి గ్రామానికి వెళ్ళిన క్షేత్రాధికారి మొదట అడిగే ప్రశ్న, గేదె చూడి సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న రైతు ఇంట నేను ఈ ప్రశ్నే అడిగాను. ఆయన వెంటనే దూలం సందులో నుండి పశువైద్యశాల వారిచ్చిన చీటీ తీశారు. కృత్రిమ గర్భధారణ చేయించిన తేదీ చూపి, సుమారు 310 రోజులు లెక్కకట్టి, ఏ వారంలో ఈనుతుందో చెప్పారు. ఇంట్లో ఆయన భార్య కూడా గర్భవతి. "ఇంట్లో పురుడు ఎప్పుడండీ?" అని మాటవరుసకు అడిగాను. "వరికోతలప్పటికి అవుతుందని మా అమ్మ అంటున్నదండీ" అన్నారు. గేదె తేదీని నివేదికలో వ్రాసుకొని వచ్చేశాను. రెండవ మాట వ్రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

కోతలు ముగిసిన తరువాత వాయిదా రాలేదు. వెళ్ళి చూస్తే పాక ఖాళీగా ఉంది. ఇంట్లోనే కాన్పు అయిందట. మాయ పడిన తరువాత రక్తస్రావం ఆగలేదు. పొలం నుండి పెద్దాయన రావాలని కొంతసేపు, ఆటో కోసం కొంతసేపు, డబ్బు కోసం మరికొంతసేపు ఆగారు. నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి 20,000 రూపాయలు తెచ్చి పట్టణానికి చేర్చారు. తల్లి బ్రతికింది. పుట్టిన రోజే తలంటి, పంచదార నీళ్ళు పట్టిన బిడ్డ నాలుగవ రోజున చల్లబడి చనిపోయింది. అప్పు తీర్చడానికి గేదెను అమ్మారు. మా పుస్తకాలలో అది 'సక్రమంగా లేని ఖాతా' అయింది.

నేను వ్యవసాయంలో బి.ఎస్సీ. చదివినవాడినే కాని వైద్యుడిని కాను. అయినా ఆ రోజు తరువాత ఏ గ్రామానికి వెళ్ళినా అక్కడి ఏ.ఎన్.ఎం. తోను, ఆరోగ్య కేంద్రంలోని స్టాఫ్ నర్సులతోను మాట్లాడి తెలుసుకున్న విషయాలను మీ ముందు ఉంచుతున్నాను.

లెక్క మొదటి రోజు నుండే

కాన్పు తేదీ కట్టడం కష్టం కాదు. చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలపాలి. అది జూన్ 10 అయితే కాన్పు మార్చి 17 ప్రాంతంలో అవుతుంది. మొత్తం 280 రోజులు. వారం రెండు వారాలు అటూ ఇటూ కావచ్చు. నెల తప్పిన వెంటనే ఈ తేదీని ఏ.ఎన్.ఎం. వద్ద నమోదు చేయించి, తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసుకోవాలి.

కనీసం నాలుగు పరీక్షలు తప్పనిసరి. మొదటిది 12 వారాలలోపు, రెండవది 14 నుండి 26 వారాల మధ్య, మూడవది 28 నుండి 34 వారాల మధ్య, నాలుగవది 36 వారాల తరువాత. ప్రతిసారీ బరువు, రక్తపోటు, రక్తంలో హిమోగ్లోబిన్, మూత్రం చూస్తారు. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 7కు తగ్గితే ప్రమాదం. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో పోయే కొద్ది రక్తమే ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే నాలుగవ నెల నుండి రోజుకొకటి చొప్పున కనీసం 180 ఐరన్ మాత్రలు మింగాలి. కాల్షియం మాత్రతో కలిపి ఒకేసారి వేసుకోరాదు, ఐరన్ ఒంటబట్టదు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా అవుతుంది, దానికి భయపడనవసరం లేదు. ధనుర్వాతం రాకుండా టీడీ టీకా నెల ఎడంతో రెండుసార్లు వేయించాలి.

రక్తపోటు 140/90 లేదా అంతకు మించినా, ముఖము చేతులు ఉబ్బినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు ముందే పోయినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లవారేదాకా ఆగరాదు. ఉబ్బును 'నీరు పట్టింది, అదే పోతుంది' అని వదిలేసిన ఇళ్ళలో ఫిట్స్ దాకా వెళ్ళిన సందర్భాలు ఏ నర్సును అడిగినా చెబుతారు.

పురిటి గదిలో నర్సు ఏమి చేస్తుంది?

ఆస్పత్రిలో 'ఊరికే కూర్చోబెట్టారు' అని చాలామంది ఫిర్యాదు చేస్తారు. అది ఊరికే కూర్చోబెట్టడం కాదు. తొలి చూలులో నొప్పులు చాలా గంటలు సాగవచ్చు. ఆ సమయంలో నర్సు 10 నిమిషాలకు ఎన్ని నొప్పులు వస్తున్నాయో లెక్కిస్తుంది. బిడ్డ గుండె చప్పుడు నిమిషానికి 110 నుండి 160 మధ్య ఉన్నదా అని అరగంటకొకసారి వింటుంది. ఇవన్నీ ఒక పటంలో గుర్తిస్తుంది. కాన్పు ముందుకు సాగకపోతే ఆ పటమే ముందుగా హెచ్చరిస్తుంది. తల్లి కొద్దిగా నడవవచ్చు, పలుచని ఆహారం, నీరు తీసుకోవచ్చు. తోడుగా అయినవారొకరు ఉంటే మనసు కుదుటపడుతుంది.

ఇంటి దగ్గర 'నొప్పుల సూది' వేయించడం, పొట్ట మీద నొక్కడం ఎన్నడూ చేయరాదు. గర్భసంచి చిట్లి తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు కలుగుతుంది. అదే మందు, ఆక్సిటోసిన్, బిడ్డ పుట్టిన నిమిషంలోపు శిక్షణ గల నర్సు 10 యూనిట్లు ఇస్తే గర్భసంచి ముడుచుకొని రక్తస్రావం ఆగుతుంది. మందు ఒక్కటే, ఎప్పుడు, ఎవరి చేతిలో అన్నదే తేడా.

కాన్పు అయిన తొలి రెండు గంటలు అత్యంత కీలకం. పావుగంటకొకసారి నాడి, రక్తపోటు, రక్తస్రావం చూస్తూ, గర్భసంచి గట్టిగా ఉన్నదా అని తడిమి చూస్తారు. నేను చెప్పిన రైతు భార్య రక్తం కోల్పోయింది ఆ గంటలలోనే. అందువల్లనే కాన్పు సుఖంగా జరిగినా కనీసం 48 గంటలు ఆస్పత్రిలో ఉండాలి.

బిడ్డకు మొదటి మందు వెచ్చదనం

పుట్టిన బిడ్డను పొడిగుడ్డతో తుడిచి, తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, కప్పాలి. బొడ్డును కనీసం నిమిషం ఆగి కత్తిరించాలి. గంటలోపు ముర్రుపాలు పట్టాలి. లేగదూడకు జున్నుపాలు తాగించకపోతే బ్రతకదని మన రైతులకు తెలుసు. బిడ్డకు మాత్రం తేనె, ఆముదం, పంచదార నీళ్ళు, కొన్నిచోట్ల గాడిదపాలు పడతారు. ఇవేవీ వద్దు. ఆరు నెలలు తల్లిపాలే చాలు. మొదటి 24 గంటలలోపు స్నానం చేయించరాదు. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏమీ రాయరాదు. ఇంటికి వచ్చే ముందు విటమిన్ కె సూది, బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా వేశారా అని అడిగి కార్డులో చూసుకోవాలి.

బరువు 2.5 కిలోలకు తగ్గిన బిడ్డను తల్లి, లేదా తండ్రి అయినా, గుండెకు హత్తుకొని వెచ్చగా ఉంచాలి. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ పద్ధతికి పైసా ఖర్చు లేదు.

బాలింతకు పథ్యం పేరుతో నీళ్ళు, కూరలు మాన్పించడం మన ప్రాంతాలలో పాత అలవాటు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఒక పూట ఎక్కువ భోజనం, దాహం తీరా నీరు కావాలి.

ఇంటి గడపలో నర్సింగు సేవ ఎంత పని చేస్తుందో తెలంగాణ సరిహద్దున ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా చూపింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు అక్కడి 39 గ్రామాలలో స్థానిక స్త్రీలకు శిక్షణ ఇచ్చి నవజాత శిశువుల సంరక్షణ అప్పగించారు. అక్కడి నవజాత శిశుమరణాలు ఇతర గ్రామాలతో పోలిస్తే 62 శాతం తగ్గినట్లు 1999లో ప్రకటించారు. 2011 నుండి దేశమంతటా ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి బిడ్డను చూసే ఏర్పాటు జరిగింది. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా వస్తారు. పురుడు, మైల అని ఆమెను గుమ్మం బయటనే ఆపకండి. బిడ్డ పాలు తాగకపోయినా, నిమిషానికి 60 లేక అంతకు మించి ఊపిరి తీస్తున్నా, ఒళ్ళు చల్లబడినా, అరిచేతులు అరికాళ్ళు పచ్చబడినా ఆ క్షణమే బయలుదేరాలి.

డబ్బు సంగతి

2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం క్రింద ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, రక్తం, భోజనం, రాకపోకలు ఉచితం. 108 వాహనం సేవ ఉంది. అయినా తోడు వచ్చినవారి ఖర్చులు, పోయిన కూలి దినాలు ఉంటాయి. 20,000 రూపాయలకు నూటికి 5 రూపాయల వడ్డీ అంటే 10 నెలలకు 10,000. పొదుపు సంఘంలో నూటికి రూపాయి చొప్పున తీసుకుంటే అదే కాలానికి 2,000. పదిమంది సభ్యులు వారానికి పది రూపాయలు విడిగా వేసినా 40 వారాలలో 4,000 రూపాయల పురిటి నిధి ఏర్పడుతుంది. ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా అర్ధరాత్రి తీసి ఇచ్చే అధికారం ఒక సభ్యురాలికి ముందే అప్పగిస్తూ తీర్మానం వ్రాసుకోవాలి.

ఆ రైతు భార్య తరువాత తమ ఊరి సంఘంలో చేరింది. రెండవ కాన్పు ఆరోగ్య కేంద్రంలో జరిగింది. ఆడపిల్ల, 2 కిలోల 800 గ్రాములు. పాత ఋణం తీరి కొత్త గేదె వచ్చాక తనిఖీకి వెళితే, దూలం సందులో రెండు కార్డులు కనిపించాయి.

పాఠకులారా, మీ ఇంట గర్భిణి ఉన్నట్లయితే ఈ రోజే మూడు విషయాలు తేల్చుకోండి: కాన్పు తేదీ ఎప్పుడు, వెళ్ళే ఆస్పత్రి ఏది, ఆ రాత్రి ఇంటి పెద్ద ఊళ్ళో లేకపోతే బయలుదేరమని చెప్పేది ఎవరు. నా తనిఖీ కాగితంలో ఇప్పటికీ ఆ గడి లేదు. అడుగున ఖాళీ స్థలం మాత్రం ఉంది, అక్కడ వ్రాసుకుంటున్నాను.