ఒక్క డిగ్రీ తేడా... వాన కాస్తా మంచు!
వాతావరణ అంచనా ఓ లెక్క, ఓ బాధ్యత, ఓ కెరియర్

సియాటిల్‌లో ఉద్యోగం చేసే అక్కయ్యో, బావో మీ ఇంట్లో కాకపోతే పక్కింట్లో ఉండే ఉంటారు. చలికాలంలో వాళ్లకు ఫోన్ చేస్తే మొదట వినపడే మాట... ‘ఇక్కడ ఒకటే ముసురు!’ నిజానికి ఆ ఊళ్లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 1000 మిల్లీమీటర్ల వానే. మన విశాఖపట్నం లెక్కా దానికి అటూ ఇటూగానే ఉంటుంది. కాకపోతే మనకు కుండపోతగా కురిసి వెళ్లిపోతుంది. అక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా సన్నగా, రోజుల తరబడి పడుతూనే ఉంటుంది.

అక్కడి వాతావరణ నిపుణులకు అసలు పరీక్ష ఊళ్లో పడే వాన కాదు. ఊరికి తూర్పున గంట ప్రయాణంలో కాస్కేడ్ పర్వతాలున్నాయి. పసిఫిక్ మీదుగా వచ్చిన అదే మేఘం ఊళ్లో వానగా, కొండ మీద మంచుగా కురుస్తుంది. ఏ ఎత్తు దగ్గర వాన మంచుగా మారుతుంది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు మీదే అక్కడ రోడ్లు, నదులు, ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

గీత ఎక్కడ గీయాలి?

చిన్న లెక్క చేద్దాం. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే అంచనాలో ఒక్క డిగ్రీ తప్పితే మంచు గీత దాదాపు 150 మీటర్లు పైకో కిందికో జరిగిపోతుంది. సియాటిల్ నుంచి తూర్పుకు వెళ్లే ఇంటర్‌స్టేట్ 90 రహదారి స్నోక్వాల్మీ కనుమ దగ్గర సుమారు 920 మీటర్ల ఎత్తులో కొండ దాటుతుంది. మంచు గీత 850 మీటర్ల దగ్గర ఉంటుందని మీరు అంచనా వేశారనుకోండి. కనుమలో మంచు పడాలి. గాలి ఒక్క డిగ్రీ వెచ్చగా వస్తే గీత 1000 మీటర్లకు చేరుతుంది. కనుమలో పడేది వట్టి వానే! రహదారి మీద చక్రాలకు గొలుసులు కట్టుకోవాలా, అక్కర్లేదా అన్నది ఈ ఒక్క డిగ్రీలో ఉంది.

దీనికి తోడు కొండలు ఆడే ఆట ఒకటుంది. సముద్రం నుంచి వచ్చే తేమ గాలి కొండ ఎక్కుతూ చల్లబడి, వాననంతా ఇవతలి వైపే కురిపిస్తుంది. అవతలికి చేరేసరికి ఎండిపోతుంది. ఒలింపిక్ పర్వతాలకు పడమరన ఉన్న హో అడవిలో ఏడాదికి 3500 మిల్లీమీటర్ల వాన పడితే, కొండల వెనకున్న సీక్విమ్ ఊళ్లో పడేది సుమారు 400 మాత్రమే. రెండింటికీ మధ్య దూరం వంద కిలోమీటర్ల లోపే.

మరి సియాటిల్ ఊళ్లోకి మంచు ఎప్పుడొస్తుంది? చలి, తేమ ఒకే సమయంలో కలిస్తేనే. ఉత్తరాన కెనడా నుంచి వచ్చే చలిగాలిలో తేమ తక్కువ. సముద్రం నుంచి వచ్చే తేమ గాలి వెచ్చగా ఉంటుంది. ఈ రెండూ కలిసే ఆ కొద్ది గంటలను ముందే పట్టుకోవడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టమే.

తప్పితే ఏమవుతుంది?

1910 ఫిబ్రవరి చివర్లో, స్టీవెన్స్ కనుమ దగ్గరి వెల్లింగ్టన్ అనే చిన్న రైల్వే ఊళ్లో రెండు రైళ్లు మంచులో చిక్కుకుపోయాయి. రోజుల తరబడి మంచు కురిసింది. ఆ తర్వాత గాలి వెచ్చబడి వాన మొదలైంది. పేరుకున్న మంచు మీద వాన పడితే బరువు పెరుగుతుంది, పొరల మధ్య పట్టు సడలుతుంది. మార్చి 1న అర్ధరాత్రి దాటాక కొండవాలు మీది మంచు ఒక్కసారిగా జారి రైళ్లను లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు.

ఇప్పటికీ అక్కడ భయపెట్టేది ఈ వెచ్చటి తుపానులే. హవాయి వైపు నుంచి సన్నటి పట్టీలా వచ్చే తేమ ప్రవాహాన్ని స్థానికులు ‘పైనాపిల్ ఎక్స్‌ప్రెస్’ అంటారు. అది వస్తే మంచు గీత బాగా పైకి పోతుంది. కొండ మీద మంచుగా నిలిచిపోవాల్సిన నీరు నేరుగా నదుల్లోకి దిగుతుంది. 2021 నవంబరులో ఇలాంటి వానలకే నూక్‌సాక్ నది పొంగి, సరిహద్దులోని సూమస్ పట్టణం మునిగింది.

అరవై శాతం అంటే?

తుపాను వచ్చేది పడమటి నుంచి. అటు చూస్తే అంతా సముద్రమే, కొలిచే కేంద్రాలు తక్కువ. అందుకే ఉపగ్రహాలు, సముద్రంలో తేలే బోయలు, విమానాల నుంచి జారవిడిచే పరికరాలు అవసరమవుతాయి. వాషింగ్టన్ తీరంలో లాంగ్లీ హిల్ రాడార్ వచ్చింది 2011లోనే. అంతకుముందు కొండలు అడ్డొచ్చి, తీరానికి చేరుతున్న తుపానులు రాడార్‌కు సరిగా కనిపించేవి కావు.

ఆరంభ కొలతల్లో చిన్న తేడా ఉన్నా ఫలితం మారిపోతుంది కాబట్టి, కంప్యూటర్ నమూనాను ఒక్కసారి నడిపి ఊరుకోరు. ఐరోపా కేంద్రం కొద్ది కొద్ది తేడాలతో 51 సార్లు నడుపుతుంది. వాటిలో ఎన్ని మంచు అంటున్నాయి, ఎన్ని వాన అంటున్నాయి అన్నదాన్ని బట్టే శాతం తేలుతుంది. అరవై శాతం అంటే చేతులు దులుపుకోవడం కాదు. అలా వందసార్లు చెబితే సుమారు అరవైసార్లు జరగాలి. జరిగిందో లేదో లెక్క తీస్తారు కూడా. తనకెంత తెలుసో అంతే చెప్పడం ఈ వృత్తిలో మొదటి నైపుణ్యం.

మీరు ఇటు రావాలంటే...

ఇంటర్‌లో ఎంపీసీ, డిగ్రీలో గణితం, ఫిజిక్స్ గట్టిగా ఉండాలి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ దిల్లీ, కొచ్చిన్ విశ్వవిద్యాలయాల్లోనూ ఈ చదువులున్నాయి. ఇంజినీరింగ్ వాళ్లకు గేట్‌లోని ఎక్స్‌ఈ పేపర్లో ‘వాతావరణ, సముద్ర శాస్త్రాలు’ ఒక విభాగం. పైథాన్ నేర్చుకోండి. పాత నమూనాలు చాలావరకు ఫోర్ట్రాన్‌లోనే ఉంటాయి కాబట్టి దాన్నీ చిన్నచూపు చూడొద్దు.

ఉద్యోగాల విషయానికొస్తే భారత వాతావరణ శాఖ, పుణెలోని ఐఐటీఎం, నోయిడాలోని జాతీయ మధ్యకాలిక అంచనాల కేంద్రం, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉన్నాయి. మంచు మీదే ఆసక్తి అయితే చండీగఢ్‌లో డీఆర్‌డీవో ప్రయోగశాల డీజీఆర్‌ఈ హిమాలయాల్లో మంచు చరియల ముప్పును అంచనా వేస్తుంది. అమెరికాలో పరిశోధనకు వెళ్లొచ్చు గానీ, అక్కడి నేషనల్ వెదర్ సర్వీస్ కొలువులు సాధారణంగా ఆ దేశ పౌరులకే. ఇది ముందే తెలుసుకుని ప్లాన్ చేసుకోండి.

ఈ రాత్రే మొదలుపెట్టండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. రోజూ రాత్రి ఉపగ్రహ చిత్రం, రాడార్ చూసి ‘రేపు మా ఊళ్లో వాన పడే అవకాశం ఇంత శాతం’ అని రాయండి. మర్నాడు మార్కులు వేసుకోండి. 70 శాతం అన్నారు, పడింది... తేడా 0.3, దాని వర్గం 0.09. పడలేదు... తేడా 0.7, వర్గం 0.49. నెల సగటు తీయండి. ఎంత తక్కువైతే అంత మంచిది. దీన్నే బ్రయర్ స్కోరు అంటారు. నిపుణుల అంచనాలనూ ఈ కొలతతో తూస్తారు.

రోజూ 50 శాతం అని రాసేస్తే సగటు 0.25 దగ్గరే ఆగిపోతుంది. అంతకంటే కిందికి దించగలిగితే మీకు ఆకాశం కాస్త అర్థమవుతున్నట్టే. రెండో నెల కూడా ఆ నోట్‌బుక్ మూయకుండా ఉన్నారంటే, ఈ కోర్సులకు దరఖాస్తు చేయడం గురించి గట్టిగా ఆలోచించండి.