చిల్లుకూ ఒక ఆకారం

గారెలు చేసేవాళ్లెవరూ చిల్లుని ముందే తయారుచేసి డబ్బాలో దాచుకోరు. పిండి తట్టి వేలితో పొడిస్తే చిల్లు పడుతుంది. అక్కడ చిల్లు పెట్టడం ఒక పని, చిల్లు ఒక వస్తువు కాదు. టింకర్‌క్యాడ్ అనే 3డి డిజైన్ ప్రోగ్రామ్‌లో మాత్రం అదీ వస్తువే. తెర కుడిపక్కన పెట్టెలు, స్తంభాలు, గోళాలు రంగురంగులుగా పేర్చి ఉంటాయి. వాటి మధ్యనే బూడిదరంగు చారలతో, సగం పారదర్శకంగా చిల్లు పెట్టెలూ చిల్లు స్తంభాలూ ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్ల అలాంటిదొకటి మౌసుతో లాక్కొచ్చి, సాగదీసి, ఎర్ర పెట్టెలోకి సగం దూర్చి, రెండింటినీ ఎంచుకుని ‘గ్రూప్’ నొక్కుతుంది. చారల ముక్క మాయమై ఎర్ర పెట్టెలో అంతమేరా ఖాళీ మిగులుతుంది. నచ్చలేదా, ‘అన్‌గ్రూప్’ నొక్కితే చిల్లు చెక్కుచెదరకుండా బయటికొస్తుంది.

డబ్బు అడగకుండా, కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించే పని లేకుండా, బ్రౌజర్‌లోనే నడిచే ఈ పనిముట్టు 2011లో బయటికొచ్చింది. ప్రపంచంలో చాలాచోట్ల ప్రాథమిక తరగతుల్లోకి వెళ్లి కూర్చుంది. దీని వంశవృక్షం మాత్రం బాగా పెద్దది. అందులో మొదటి పేరు ఐవన్ సదర్లండ్.

సదర్లండ్ 1938లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి సివిల్ ఇంజినీరు కాబట్టి కట్టడాల నక్షాలు చూస్తూ పెరిగాడు. ఎం.ఐ.టి.లో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు లింకన్ లేబొరేటరీలోని టీఎక్స్-2 అనే కంప్యూటర్ అతని చేతికొచ్చింది. గది నిండా పరుచుకున్న యంత్రం అది. మెమరీ మాత్రం ఇవాళ్టి కొలతలో సుమారు 3 లక్షల బైట్లు; ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. దానికి ఒక చిన్న తెర, ఒక లైట్ పెన్, కొన్ని బొత్తాలు. లైట్ పెన్ పేరుకి తగ్గట్టు వెలుగు చిమ్ముతుందనుకుంటాం గానీ, తెరమీద ఎక్కడ వెలుగుందో కనిపెట్టడమే దాని పని. ఈ సరంజామాతో 1963లో అతను స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ చూపించాడు. కంప్యూటర్లకు చిల్లుల కార్డులతో, టైపు మిషన్లతో పని చెప్పే రోజుల్లో మనిషి తెరమీద నేరుగా గీత గీశాడు. ఆ పరిశోధనకు గైడ్ క్లాడ్ షానన్, సమాచార సిద్ధాంతానికి మూలపురుషుడు.

గీత గీయడం కన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. వంకరటింకరగా నాలుగు గీతలు గీసి, ‘ఇవి ఒకదానికొకటి లంబంగా ఉండాలి’ అని బొత్తం నొక్కితే కంప్యూటరే వాటిని సర్దేది. ఒక మూలచిత్రం గీసి దానికి ఎన్నో నకళ్లు పెట్టుకోవచ్చు. మూలాన్ని మారిస్తే నకళ్లన్నీ మారతాయి. ఇవాళ ఇంజినీర్లు వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్లన్నిటా ఈ రెండు ఆలోచనలూ కనిపిస్తాయి. సదర్లండ్‌కి 1988లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

స్కెచ్‌ప్యాడ్‌ది చదునైన లోకం. అది వచ్చిన 1963లోనే ఎం.ఐ.టి.లో టిమొతీ జాన్సన్ దాన్ని మూడు కొలతల్లోకి పెంచాడు. కానీ వచ్చింది తీగెల బోను లాంటి బొమ్మ. అంచులు తెలుస్తాయి, వాటి మధ్య సరుకుందో లేదో తెలీదు. తీగెల పెట్టెలో ఒక తీగెల గొట్టం కనిపిస్తే అది కడ్డీయా, కన్నమా? చూసేవాడు ఊహించుకోవాలి, యంత్రానికి ఊహ లేదు. కారు విడిభాగాలు డిజైన్ చేసేవాళ్లకు ఇది చిన్న చిక్కు కాదు. బరువు లెక్క కట్టాలన్నా, మిషన్‌కి కోత దారి చెప్పాలన్నా లోపల ఏముందో తెలిసి తీరాలి.

1970ల్లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో హర్బర్ట్ వోల్కర్, అరిస్తిదెస్ రెకీషా ఆ చిక్కుకి చూపిన దారే మన టింకర్‌క్యాడ్‌కి అసలు పునాది. వస్తువుని గీతలుగా కాకుండా వంటకం రాసుకున్నట్టు రాసుకోమన్నారు: ఈ దిమ్మ తీసుకో, ఆ స్తంభం కలుపు, ఇంకో స్తంభం అందులోంచి తీసేయ్. కలపడం, తీసేయడం, ఉమ్మడి భాగం మాత్రమే ఉంచడం – మూడే క్రియలు. ఈ మూడూ 1854లో జార్జ్ బూల్ అచ్చువేసిన తర్కగణితం వారసత్వమే. అందుకే వీటిని ఇప్పటికీ బూలియన్ క్రియలంటారు.

వినడానికి తేలిగ్గా ఉన్నా, లెక్క దగ్గరికొచ్చేసరికి బూలియన్ క్రియలు ప్రోగ్రామర్లకు చుక్కలు చూపిస్తాయి. కంప్యూటర్ దశాంశాలను ఉజ్జాయింపుగానే పట్టుకుంటుంది. పెట్టె పైముఖమూ చిల్లు పైముఖమూ సరిగ్గా ఒకే ఎత్తున ఉన్నాయనుకోండి. ఏది పైన, ఏది కింద అని పదో దశాంశం దగ్గర తేల్చుకోలేక లెక్క తడబడుతుంది. నోరు తెరుచుకోవాల్సిన డబ్బా మీద మందమే లేని ఒక పొర మిగిలిపోవచ్చు. అందుకే అనుభవమున్నవాళ్లు చిల్లుని కావలసినదానికన్నా కాస్త పొడుగ్గా, బయటికి పొడుచుకొచ్చేలా పెడతారు.

తర్వాతి నలభై ఏళ్ల కథ త్వరగా చెప్పేసుకోవచ్చు. 1982లో ఆటోడెస్క్ కంపెనీ తెచ్చిన ఆటోక్యాడ్ నక్షాలు గీసే పనిని పెద్ద యంత్రాల నుంచి బల్లమీది కంప్యూటర్‌కి దించింది. మన ఊళ్లలో ‘ఆటోక్యాడ్ నేర్పబడును’ బోర్డులు ఆ వరస నుంచి వచ్చినవే. 2000లో వచ్చిన స్కెచప్ అనే 3డి డిజైన్ ప్రోగ్రామ్‌ని ఆరేళ్లకు గూగుల్ కొని, ఉచిత రూపం విడుదల చేసింది. అయినా ప్రోగ్రామ్ దించుకోవాలి, ఎక్కించుకోవాలి. తాళాలేసిన బడి కంప్యూటర్లలో ఆ పని ఎవరు చేస్తారు? దీనికి జవాబు 2011 మార్చిలో వచ్చింది. వెబ్‌జీఎల్ అనే ప్రమాణం ఖరారై, బ్రౌజర్ నేరుగా గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడడం మొదలుపెట్టింది. అంతకుముందు గూగుల్‌లో పనిచేసిన కై బాక్‌మన్, కంప్యూటర్ ఆటల రంగం నుంచి వచ్చిన మికో మోనొనెన్ కలిసి ఆ ఏడాదే టింకర్‌క్యాడ్‌ని జనం ముందు పెట్టారు. తొలి రోజుల్లో ‘గ్రూప్’ నొక్కితే బరువైన బూలియన్ లెక్క పిల్లవాడి కంప్యూటర్ చేసేది కాదు. ఎక్కడో ఉన్న సర్వర్లు చేసి ఫలితం తిప్పి పంపేవి. బడిలో పాత కంప్యూటర్ ఉన్నా పని నడిచింది అందుకే.

వీళ్ల గొప్పతనం ఏం పెట్టారన్న దాంట్లో కన్నా ఏం వదిలేశారన్న దాంట్లో ఉందని నా అభిప్రాయం. సదర్లండ్‌కి పేరు తెచ్చిన నిబంధనలనే అవతల పెట్టేశారు. ‘ఈ గీత ఆ గీతకి సమాంతరం’ అని చెప్పే సదుపాయం ఇక్కడ లేదు. ముందు చదునుగా బొమ్మ గీసి, తర్వాత దాన్ని పైకి లాగి దిమ్మ చేసే ఇంజినీర్ల పద్ధతీ ఇక్కడ ముఖ్యం కాదు. మొదటి నుంచీ దిమ్మలే. ఇది చూస్తే కంప్యూటర్ చరిత్ర కన్నా బడి చరిత్రే ముందు గుర్తొస్తుంది. కిండర్‌గార్టెన్ అన్న మాటకీ పద్ధతికీ ఆద్యుడైన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 19వ శతాబ్దం నడుమ జర్మనీలో పసిపిల్లలకు వరసగా ఇచ్చిన ‘కానుకల్లో’ రెండోది ఒక చెక్కగోళం, ఒక స్తంభం, ఒక ఘనం. ఆ తర్వాతివి ముక్కలుగా విడదీసి, మళ్లీ పేర్చుకునే ఘనాలు. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన కట్టడాలకు మూలం చిన్నప్పటి ఆ చెక్కముక్కల్లోనే ఉందని చెప్పుకున్నాడు. ఫ్రోబెల్ ఇవ్వలేకపోయింది ఒక్క చిల్లునే. చెక్కలో ఆ వీలు లేదు మరి.

తరగతిలో ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. ఐదో తరగతి పిల్లలకు పెన్సిళ్ల స్టాండు చేయమన్నారనుకోండి. నీలం గళ్ల పలక, ఒక్కో వైపు 200 మి.మీ. దాని మీదికి స్తంభాన్ని లాగితే 20 మి.మీ. కొలతతో వచ్చి కూర్చుంటుంది. అడ్డుకొలత 70, ఎత్తు 90 చేయాలి. గుండ్రంగా కనిపిస్తుంది గానీ, దగ్గరికి జరిపితే అంచు మెట్లుమెట్లుగా ఉంటుంది. యంత్రానికి ఇది 20 పక్కల బహుభుజి. ఆ సంఖ్యను 64కి జరిపితే నున్నబడుతుంది. వృత్తానికి పక్కలేమిటని పిల్లలు ఇక్కడ అడుగుతారు. పాఠ్యపుస్తకం అడిగించలేని ప్రశ్న అది.

తర్వాత చిల్లు స్తంభం. గోడ మందం 3 మి.మీ. కావాలి. దాదాపు ప్రతి తరగతిలోనూ చాలామంది 70లోంచి 3 తీసేసి 67 కొడతారు. గ్రూప్ చేసి చూస్తే గోడ సగమే మందం, ఒకటిన్నర. తగ్గించాల్సింది రెండు వైపులా అని, కొట్టాల్సింది 64 అని తెలియడానికి టీచర్ నోరు విప్పనక్కర్లేదు. ఇక అడుగు సంగతి. చిల్లుని పలక మీదే వదిలేస్తే స్టాండుకి అడుగు ఉండదు, గొట్టం వస్తుంది. చిల్లు నెత్తిన కనిపించే చిన్న నల్ల శంకువుని పట్టుకుని 3 మి.మీ. పైకి ఎత్తాలి. ఎత్తు 90 అలాగే ఉంచితే చిల్లు పైన 3 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది. అది మంచిదే, పైన చెప్పిన పొర బెడద ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువమంది పడే గోతి ఇంకొకటి. పైనుంచి చూస్తూ పని చేసే పిల్ల ఇంటి మీద కప్పు చక్కగా కూర్చుందనుకుంటుంది. పక్కకి తిప్పి చూస్తే కప్పు గాలిలో 40 మి.మీ. ఎత్తున వేలాడుతుంటుంది. ప్లాను, ఎలివేషన్ అని పాలిటెక్నిక్ కుర్రాళ్లు మొదటి ఏడాది తంటాలు పడి నేర్చుకునేది ఇదే. ఒకే వస్తువుకి ఒక వైపు చూపు చాలదని తొమ్మిదేళ్లకే చేతికి తెలిసిపోతుంది.

టీచర్లకు నచ్చిన సదుపాయం వేరే ఉంది. అమెరికా చట్టం ప్రకారం 13 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వెబ్‌సైట్లు పెద్దల అనుమతి లేకుండా తీసుకోకూడదు. అందుకని టీచరే ఒక తరగతి తెరిచి, కోడ్ ఒకటి, ఒక్కో పిల్లకి ముద్దుపేరు లాంటిదొకటి ఇస్తారు. ఈమెయిల్ అక్కర్లేదు. ఎవరెక్కడ ఆగిపోయారో టీచర్ తన తెరమీదే చూసుకోవచ్చు.

ఇంత చెప్పాక 2013 సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఆ మార్చిలో స్థాపకులు తమ దృష్టి వేరే ప్రాజెక్టు మీదికి మళ్లించి, టింకర్‌క్యాడ్‌ని మూసేస్తున్నామని ప్రకటించారు. పాఠాలు దాని మీద కట్టుకున్న టీచర్లు గగ్గోలు పెట్టారు. మే నెలలో ఆటోడెస్క్ కొనేసి, ఉచితంగానే కొనసాగించింది. తర్వాత ఆ కంపెనీ తన 123డి వరసలోని ఉచిత యాప్‌లను ఒక్కొక్కటే ఎత్తేసినా దీన్ని మాత్రం నిలబెట్టింది. 2017లో ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల భాగాన్ని, ఆ మరుసటేడు కోడ్ దిమ్మలతో ఆకారాలు చేసే భాగాన్ని ఇందులో చేర్చింది. పెద్ద కంపెనీ దయకి కారణం లేకపోలేదు. ఇవాళ దీనితో ఆడుకున్న పిల్లలే రేపు ఇంజినీర్లై వాళ్ల ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొంటారు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు గానీ, ఉచితం అన్న మాటకి ఇక్కడున్న అర్థం తెలిసి వాడుకోవాలి.

మన దగ్గర ఇది ఎక్కువగా అటల్ టింకరింగ్ ల్యాబుల ద్వారా పరిచయమైంది. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన ఈ పథకం బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. ఆంధ్ర, తెలంగాణ బడుల్లోనూ ఆ గదులున్నాయి. 3డి ప్రింటర్ కూడా ఆ సామగ్రిలో భాగమే. అయితే పథకం ఆరో తరగతి నుంచే. మూడో తరగతి పిల్ల చేయగల పనికి ఆరు దాకా ఆగమనడం నాకు సబబనిపించదు. ప్రింటర్ లేకపోవడం కూడా అడ్డంకి కాదు. 0.2 మి.మీ. పొరలుగా పేర్చుకుంటూ ఒక్క పెన్సిళ్ల స్టాండు అచ్చవడానికి గంటలు పడుతుంది. ముప్పైమంది పిల్లల తరగతికి వారాలు. నేర్చుకోవడమంతా తెరమీద తిప్పిచూసుకునేటప్పుడే అయిపోతుంది. ముందు మట్టితోనో అట్టముక్కలతోనో ఆ వస్తువు చేయించి, తర్వాత తెర దగ్గరికి పంపితే ఇంకా మంచిది.

ప్రింటర్‌కి పంపే ఫైలు గురించి టీచర్లు తెలుసుకోవాల్సిందొకటుంది. 1980ల్లో 3డి ప్రింటింగ్ తొలి యంత్రాలతో పాటే పుట్టిన ఎస్‌టీఎల్ అనే పద్ధతి అది. అందులో ఉండేవి త్రిభుజాలు మాత్రమే. రంగుల్లేవు, కొలమానం కూడా లేదు. 70 అని ఉంటే మిల్లీమీటర్లో అంగుళాలో ఫైలు చెప్పదు. వంటకం కూడా పోతుంది: ఏ స్తంభంలోంచి ఏ చిల్లు తీశారో అందులో రాసి ఉండదు కాబట్టి, మళ్లీ తెరిచి అన్‌గ్రూప్ చేయడం కుదరదు. వంటకం ఉండేది కంపెనీ సర్వర్‌లోని ఖాతాలో. అందుకే కొలతలూ వరసా పిల్లల చేతే నోటుబుక్కులో రాయించాలి: బయటి స్తంభం 70, 90, చిల్లు 64, 90, ఎత్తు 3. ఓపెన్‌స్కాడ్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు లైన్లనీ దాదాపు ఇలాగే టైప్ చేస్తే అదే స్టాండు వస్తుంది, నెట్ లేకపోయినా.