విద్యుత్ కార్లతో వాహన కాలుష్యం ఎంతవరకు తగ్గుతుంది?

ప్రత్యేక వ్యాసం

జీవో ఎంఎస్ నెం. 41 ద్వారా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన విద్యుత్ వాహన విధానం 2024 నవంబరు 18న అమలులోకి వచ్చింది. రాష్ట్రంలో కొనుగోలు చేసి రిజిస్టరు చేయించిన విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములలో నూరు శాతం మినహాయింపు ఇవ్వడం జరిగింది. 2020 నాటి విధానంలో సొంత కార్లకు విధించిన 5,000 పరిమితి కూడా దీనితో తొలగిపోయింది. ప్రభుత్వ ఖజానా ఇంతటి రాబడిని వదులుకుంటున్నప్పుడు, ప్రతిఫలంగా గాలికి కలిగే మేలు ఎంత అన్నది పాత్రికేయులు, అధికారులు తెలుసుకోవలసిన విషయం.

ఇందుకు ఉప్పల్ నుండి చెంగిచెర్ల వరకు గల ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఉప్పల్ కూడలిలో ఆగి ఉండే విద్యుత్ కారు నుండి పొగ వెలువడదు. నైట్రోజన్ ఆక్సైడులు, కార్బన్ మోనాక్సైడ్ పాదచారుల ముఖాన పడవు. ఇది కాదనలేని ప్రయోజనం. పెట్రోలు వినియోగం తగ్గిన మేరకు చర్లపల్లి చమురు డిపోల నుండి సాగే ట్యాంకర్ల రాకపోకలు కూడా తగ్గుతాయి. 2018 జనవరిలో చెంగిచెర్లలో చమురు ట్యాంకరు పేలి మంటలు చెలరేగిన సంఘటన స్థానికులకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

అయితే కారుకు కావలసిన విద్యుత్తు ఎక్కడో ఒకచోట తయారు కావాలి. రామగుండం, జైపూర్, మణుగూరు ప్రాంతాలలోని థర్మల్ కేంద్రాలు బొగ్గును మండించి విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్నాయి. దేశంలో సగటున ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నది. నగరంలో 100 కిలోమీటర్లు తిరిగే చిన్న విద్యుత్ కారుకు 15 యూనిట్లు పడుతుందనుకుంటే అది 10.5 కిలోలు, సరఫరా నష్టాలు కలిపితే దాదాపు 12. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు అదే దూరానికి సుమారు 15 కిలోలు విడుదల చేస్తుంది. చమురు శుద్ధి, రవాణాల లెక్క దీనికి అదనం. కనుక తగ్గుదల ఉన్నది గానీ, ప్రకటనలలో కనిపించే "శూన్య కాలుష్యం" అనే మాట సరికాదు. పగటిపూట సౌర విద్యుత్తు అందుబాటులో ఉండే వేళ ఛార్జింగ్ చేసుకుంటే ఫలితం మెరుగుపడుతుంది. బ్యాటరీ తయారీలో ముందుగానే వెలువడిన వాయువుల లెక్క ఒకటి ఉన్నది. ఏడాదికి కొద్ది వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారు ఆ లోటును పూడ్చడానికి చాలా ఏళ్లు పడుతుంది.

ఇక ధూళి సంగతి. 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనుల సమయంలో ఆ దారిన ప్రయాణించిన వారికి దాని తీవ్రత వేరుగా చెప్పనవసరం లేదు. రోడ్డుపై పేరుకున్న మట్టిని ఏ కారు చక్రమైనా ఒకే విధంగా లేపుతుంది. బ్రేకుల అరుగుదల విద్యుత్ కారులో తక్కువే అయినా, బ్యాటరీ బరువు వల్ల టైర్లు ఎక్కువగా అరుగుతాయి. జాతీయ పరిశుభ్ర వాయు కార్యక్రమం కింద హైదరాబాద్‌ను గుర్తించడానికి కారణమైనది ధూళి కణాలే అన్నది ఇక్కడ గమనార్హం. ట్రాఫిక్ రద్దీ విషయంలోనూ అంతే. పెట్రోలు కారు ఎంత స్థలం ఆక్రమిస్తుందో విద్యుత్ కారూ అంతే ఆక్రమిస్తుంది.

అసలైన తేడా బస్సుతో వస్తుంది. విద్యుత్ బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్‌కు కొంచెం పైగా వాడుతుంది. 40 మంది ప్రయాణిస్తే తలకు 0.03 యూనిట్, ఒక్కరే కూర్చున్న కారులో 0.15. అంటే అయిదు రెట్లు. ఆర్టీసీ 2019లో మియాపూర్, కంటోన్మెంట్ డిపోల నుండి విమానాశ్రయానికి 40 విద్యుత్ బస్సులతో ఈ ప్రయత్నాన్ని ప్రారంభించింది. ఉప్పల్‌కు 2017 నవంబరులో మెట్రో రైలు చేరింది. అక్కడి నుండి చెంగిచెర్ల, బోడుప్పల్, మేడిపల్లి కాలనీలకు సరిపడా బస్సులు సమయానికి అందితే కారు కొనవలసిన అవసరమే చాలా కుటుంబాలకు తగ్గుతుంది. పన్ను మినహాయింపు కన్నా ఇది గాలికి ఎక్కువ మేలు చేయగలదని చెప్పవచ్చు.

వాడకం ముగిసిన బ్యాటరీలను పాత ఇనుప సామాను దుకాణాలకు ఇవ్వరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత ఉత్పత్తిదారులపై ఉన్నది. నాచారం వంటి పారిశ్రామికవాడలు గల ప్రాంతాలలో ఈ నియమాల అమలును స్థానిక అధికారులు ఇప్పటి నుండే పరిశీలించవలసి ఉన్నది.